నాస్తికత్వము, వ్యక్తిగత మతము: సమాధి దగ్గర ఒక ప్రశ్న

జహీరాబాదులో కొందరు సంఘ కాపరులతో కూర్చున్న ఒక మధ్యాహ్నము ఒక అయ్యగారు మా ముందు ఈ సంగతి ఉంచారు. ఆయన సంఘములో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించాడు. ఒక్కడే కుమారుడు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. చిన్నతనములో సండే స్కూలులో కంఠత వాక్యములకు బహుమతులు తెచ్చుకున్నవాడే. భూస్థాపనకు బయలుదేరే ముందు అతడు అయ్యగారిని ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, పెట్టె నేనే మోస్త. మట్టి నేనే ముందుగాల వేస్త. ప్రార్థనల ఆమెన్ అనుడు మాత్రం నాతోని కాదు. నేను నాస్తికుణ్ణి" అన్నాడు. తల్లి విన్నది. "సంఘం ముందట ఇజ్జత్ తీస్తున్నవు కొడుకా" అని ఏడ్చింది.

ఆ పూట అయ్యగారు ఏమి చేశారో తరువాత చెప్తాము. ఆయన మమ్మల్ని అడిగినది ఇది: "వాడు నమ్మకపోయినా అందరితోపాటు ఆమెన్ అని ఉంటే నాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నిజము చెప్పినందుకు ఇబ్బంది వచ్చింది. వాణ్ణి నేను ఏ లెక్కలో వేసుకోవాలి?"

మన వేదాంత కళాశాలలలో ఈ ప్రశ్నకు సరియైన చోటు దొరకదు. నాస్తికత్వమును మనము విశ్వాస సమర్థన శాస్త్రములో ఖండించవలసిన ఒక వాదముగా చదువుతాము. దేవుని ఉనికికి రుజువులు నేర్చుకొని, పరీక్ష వ్రాసి బయటికి వస్తాము. కాని సమాధి దగ్గర నిలబడిన ఆ యువకుడు ఎవరినీ రుజువులు అడగలేదు. తాను నమ్మనిది తన నోటితో పలకనన్నాడు, అంతే. కాబట్టి ఈ వ్యాసములో మేము చూడదలచినది వాదమును కాదు, మనిషిని. ఒక వ్యక్తి "నేను నాస్తికుడిని" అన్నప్పుడు తనకు తాను ఏమి చెప్పుకుంటున్నాడు? మరొకడు "నా దేవుడు" అన్నప్పుడు ఏమి చెప్పుకుంటున్నాడు? మన తెలుగు నేల మీద ఈ రెండు మాటలూ ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకున్న సందర్భము ఒకటి ఉన్నది. గోరా, గాంధీల సంభాషణ అది. అక్కడికి వెళ్లే ముందు మాటల అర్థము కొంత సరిచూసుకోవాలి.

ఒక పదము, అనేక నిందలు

"న అస్తి" అనగా లేదు. ఏది లేదు? పాణిని కాలములో ఈ పదము ఒక అభిప్రాయమును సూచించే మాట మాత్రమే. మనుస్మృతి రెండవ అధ్యాయము నాస్తికుని వేదమును నిందించేవానిగా నిర్వచించింది. ఆ నిర్వచనమును బట్టి చూస్తే విచిత్రము కనబడుతుంది. సృష్టికర్త అవసరము లేదన్న సాంఖ్యులు, పూర్వమీమాంసకులు ఆస్తికుల పంక్తిలో కూర్చున్నారు, వేదప్రామాణ్యమును అంగీకరించని బౌద్ధులు, జైనులు నాస్తికులయ్యారు. ఆ లెక్కన ఈ పత్రిక చదువుతున్న కాపరులందరమూ నాస్తికులమే.

మన సంఘ చరిత్రలోనూ ఇదే జరిగింది. రోమా సామ్రాజ్యములో తొలి క్రైస్తవుల మీద మోపిన నేరములలో ఒకటి నాస్తికత్వము. విగ్రహము లేదు, బలి లేదు, చక్రవర్తికి ధూపము వేయరు, మరి వీరికి దేవుడున్నాడని ఎలా నమ్మాలి? క్రీ.శ. 155 ప్రాంతములో స్ముర్న అధ్యక్షుడైన పొలికార్పును నాస్తికులను దూషించమని అధికారి ఆజ్ఞాపించాడు. అతడు ఉద్దేశించినది క్రైస్తవులను. ఆ వృద్ధుడు చుట్టూ ఉన్న అన్యజన సమూహము వైపు చెయ్యి చూపి ఆ మాటనే పలికాడు. అదే శతాబ్దములో హతసాక్షియైన జస్టిన్ తన మొదటి సమర్థన గ్రంథములో, అటువంటి దేవతల విషయములో మేము నాస్తికులమేనని ఒప్పుకున్నాడు. మన పితరులు ఈ బిరుదును తప్పించుకోలేదు, ఏ దేవుని విషయములో అని మాత్రము తిరిగి అడిగారు.

14వ కీర్తన మొదటి వచనము మన ప్రసంగములలో నాస్తికుల మీదికి విసిరే రాయిగా మారింది. దేవుడు లేడని తన హృదయములో అనుకొనే బుద్ధిహీనుడు అక్కడ ఉన్నాడు. హెబ్రీలో ఆ మాట "నాబాల్". తెలివి తక్కువవాడు అని కాదు, నీతి తప్పినవాడు, దుర్మార్గపు మూర్ఖుడు అని అర్థము. కర్మెలులో దావీదు మనుష్యులకు అన్నము పెట్టక పొమ్మన్న ధనవంతుని పేరూ అదే. కీర్తనలో నాలుగవ వచనము వరకు చదివితే ఈ బుద్ధిహీనులు ఎవరో తెలుస్తుంది. ప్రజలను ఆహారము మింగినట్లు మింగేవారు. వారు బయట ఏమి అంటారో కీర్తనకారుడు చెప్పలేదు. బహుశా దేవాలయమునకు క్రమముగా వెళ్లేవారే. లెక్క అడిగేవాడు లేడన్నట్లు బ్రదికేవారు. పెట్టె మోస్తాను గాని అబద్ధము చెప్పనన్న యువకుని మీద ఈ వచనమును ప్రయోగించడము వాక్యమునకు అన్యాయము.

క్రొత్త నిబంధనలో "అథెయోయి", అనగా దేవుడు లేనివారు అన్న మాట ఒక్కచోటనే, ఎఫెసీ 2:12లో వస్తుంది. అక్కడ పౌలు ఆ మాట అన్నది లెక్కకు మించిన దేవతలు గలవారిని గూర్చి.

గోరా

గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురములో బ్రాహ్మణ కుటుంబములో పుట్టారు. అదే సంవత్సరము విలియం జేమ్స్ ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసములు గ్రంథముగా వెలువడినవి. సంస్థాగత మతము వేరు, వ్యక్తిగత మతము వేరు అన్న విభజనను చదువుకున్నవారి నోట నిలబెట్టినది ఆ గ్రంథమే. జేమ్స్ గుడిని, గురువును, సిద్ధాంతమును ప్రక్కన పెట్టి, మనిషి తన ఏకాంతములో దైవముగా ఎంచినదానితో ఎట్లు వ్యవహరిస్తాడో దానినే మతమన్నాడు. గోరా ఆ ఏకాంతమునకు మరొక సమాధానము వెదికారు.

ఆయన వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు. మధుర అమెరికన్ కళాశాలలో పని చేస్తుండగా, క్రైస్తవ్యము పుచ్చుకుంటే అమెరికాలో పై చదువుకు పంపుతామన్న సూచన వచ్చిందనీ, ఆయన నిరాకరించారనీ ఆయన జీవితకథలలో ఉన్నది. మతమార్పిడిని ఉద్యోగపు మెట్టుగా చూపితే కాదన్నవాడు మతమును తేలికగా తీసుకున్నవాడా, గంభీరముగా తీసుకున్నవాడా? తరువాత జంధ్యము విడిచినందుకు తండ్రి ఇల్లు విడువవలసి వచ్చింది. 1933లో దేవుని భావనను గూర్చి వ్రాసినందుకు కాకినాడ పి.ఆర్. కళాశాల ఉద్యోగము పోయింది. బ్రహ్మసమాజపు భక్తుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు పేరు నిలిపిన కళాశాల అది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రము ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. గ్రహణము వేళ గర్భిణి బయటికి రాకూడదన్న నమ్మకమును ఆయన భార్య సరస్వతి తానే ధిక్కరించి చూపారు. ఇద్దరూ తాము నమ్మినది తమ దేహముల మీదనే పరీక్షించుకున్నారు.

గోరా నాస్తికత్వము దేవుడు ఉన్నాడా లేడా అన్న తర్కము చుట్టూ తిరగదు. ఇది మన విద్యార్థులు గమనించాలి. దేవుడున్నాడని అనుకొనేవాడు తనను తాను లోబడినవానిగా, నడిపింపబడేవానిగా ఎంచుకుంటాడు, తాను చేయవలసిన పనిని విధికి, దైవమునకు అప్పగిస్తాడు అని ఆయన ఫిర్యాదు. నాస్తికుడు తన జీవితమునకు తానే బాధ్యుడనని ఒప్పుకున్నవాడు. 1930లో గాంధీకి ఆయన జాబు వ్రాసి దేవుడన్న మాటకు అర్థము అడిగారు. అది మానవ బుద్ధికి అందనిదని గాంధీ జవాబిచ్చారు. ఆ జవాబు గోరాకు చాలలేదు.

1944 చివరలో ఆయన సేవాగ్రామము చేరారు. దేవుడు లేనివానితో ఏమి మాట్లాడేది అన్న గాంధీ చమత్కారమునకు, తాను దేవుడు లేనివాడిని కాదనీ నాస్తికుడిననీ గోరా బదులు చెప్పారు. దేవుడు లేకపోవడము ఒక లోటు, నాస్తికత్వము ఒక నిలుకడ అని ఆయన భేదము. ఆ సంభాషణలో ఆయన ముందుంచిన దృశ్యము బెంగాలు కరవు. కలకత్తా వీధులలో మిఠాయి దుకాణముల ఎదుటనే మనుష్యులు ఆకలితో చనిపోయారు, కాని చెయ్యి చాచి తీసుకోలేదు. ఇది మా ఖర్మ అనుకున్నారు. ఆ అనుకోవడమును పెంచినది దైవభావనే అని గోరా బాధ. 14వ కీర్తన మింగేవారిని గూర్చి మాట్లాడింది, గోరా మింగబడినవారిని గూర్చి మాట్లాడారు. దేవుని పేరు ఇద్దరికీ ఉపయోగపడింది, ఒకరికి ధైర్యముగా, మరొకరికి మత్తుగా. ఈ ఆరోపణకు మనము జవాబు చెప్పాలి. మన సంఘములలో చికిత్స మాని ప్రార్థన మాత్రమే చాలునని చనిపోయినవారు లేరా?

గాంధీ ఈ వాదనకు ఓడిపోలేదు, గెలవనూ లేదు. 1931 నాటికే ఆయన దేవుడే సత్యము అన్న తన మాటను సత్యమే దేవుడు అని త్రిప్పుకున్నారు. దేవుని కాదనేవాడు కూడా సత్యమును కాదనడని ఆయన ఉద్దేశము. గోరా వచ్చి ఆ త్రిప్పిన మాటకు పరీక్ష పెట్టారు. తన పెద్ద కుమార్తె మనోరమకు అర్జునరావు అనే దళిత యువకునితో వివాహము నిశ్చయించి గాంధీకి తెలిపారు. సేవాగ్రామములో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. కాని వివాహ ప్రమాణములో దేవుని పేరు ఎట్లు పలకడము? నాస్తికుని ఇంటి పెండ్లి గనుక దేవుని పేరు ఉన్నచోట సత్యము పేరు పెట్టడానికి గాంధీ సమ్మతించారు. పెండ్లి నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో సేవాగ్రామములోనే అది ఆ ప్రకారమే జరిగింది. గోరా ఈ కథనంతా 1951లో నవజీవన్ ప్రచురించిన పుస్తకములో వ్రాశారు. కాపరులు చదువదగిన పుస్తకము.

గాంధీ దినమునకు రెండుసార్లు ప్రార్థించే మనిషి. తన ప్రార్థనను ఆయన మానలేదు, తగ్గించనూ లేదు. గోరా చేత పలికించనూ లేదు. తన దేవుని మాట ఎదుటివాని నోట అబద్ధమవుతుందని తెలిసినప్పుడు ఆ మాటను ప్రక్కన పెట్టారు. వ్యక్తిగత మతము అంటే మన భాషలో "నా ఇష్టము, నా దేవుడు" అనే తేలిక అర్థము వచ్చింది. గాంధీలో చూస్తే అది ఎదుటివాని మనస్సాక్షికి కూడా కావలి కాసే మతము.

అదే 1944లో బెర్లిన్ టేగెల్ చెరసాలలో డీట్రిక్ బోన్‌హాఫర్ తన స్నేహితునికి వ్రాసిన జాబులలో మతము లేని క్రైస్తవ్యమును గూర్చి ఆలోచిస్తున్నాడు. మతస్థుల మధ్య దేవుని పేరు పలకడానికి తనకు సంకోచము కలుగుతుందనీ, మతము లేనివారి దగ్గర సులువుగా పలకగలుగుతున్నాననీ ఆయన ఒప్పుకున్నాడు. మన తెలివి చాలని చోట మాత్రమే పిలుచుకొనే దేవుడు ఆయనకు అక్కరలేదు. గోరా నిరాకరించిన దేవుడూ చాలావరకు ఆయనే అని మాకు తోస్తున్నది. అయితే బోన్‌హాఫర్‌ను గోరాగా, గోరాను బోన్‌హాఫర్‌గా చేయకూడదు. ఒకడు సిలువ వేయబడిన దేవుని యొద్దకు వెళ్లాడు, మరొకరు వెళ్లనన్నారు.

గోరా ఇంటికీ మన ఇంటికీ మరొక బంధము ఉన్నది. 1930లో, ఉప్పు సత్యాగ్రహ సంవత్సరములో పుట్టినందున లవణం అని పేరు పెట్టిన ఆయన కుమారుడు, 1960లో గుర్రం జాషువ కుమార్తె హేమలతను వివాహమాడారు. క్రైస్తవునిగా పుట్టి, కులము వలన పండితుల చేతా, పురాణ వస్తువులు వ్రాసినందుకు మనవారి చేతా మాటలు పడి, చివరకు క్రీస్తు చరిత్ర వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువ నాస్తికుల వియ్యంకుడు. హేమలత, లవణం దంపతులు 1970లలో బాపట్ల దగ్గర స్టువార్టుపురములో పని ఆరంభించారు. నేరస్థ జాతులన్న ముద్ర వేసిన ఎరుకల కుటుంబముల కొరకు బ్రిటిషు ప్రభుత్వము ఏర్పరచి, సాల్వేషన్ ఆర్మీ మిషనెరీలకు అప్పగించిన ఊరు అది. మొదట సువార్తికులు, అర్ధ శతాబ్దము తరువాత నాస్తికులు అవే గుమ్మముల ముందు నిలబడ్డారు. నిజామాబాదు జిల్లాలో జోగినుల విముక్తికీ హేమలత శ్రమపడ్డారు. దేవత పేరున ఆడపిల్లను ఊరికి అప్పగించే ఆచారము అది. అక్కడ నాస్తికురాలు దేవుని పేరును కాదనడము ఎవరికి మేలు చేసిందో వేరుగా చెప్పనక్కరలేదు. మత్తయి 21లో రానని చెప్పి ద్రాక్షతోటకు వెళ్లిన కుమారుని ఉపమానము మాకు ఇక్కడ గుర్తుకు వస్తుంది. అయితే ఆ ఉపమానముతో వారిని మనవారిని చేసుకోవడము మా ఉద్దేశము కాదు.

కాగితము మీది మతము

వ్యక్తి మతమును గూర్చి మాట్లాడేవారు మన సంఘములలో ఒక విషయమును దాటిపోలేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడ్డారు. క్రైస్తవులు చేర్చబడలేదు. మన రాష్ట్రములలో దళిత క్రైస్తవులను బి.సి.-సి లో ఉంచారు. దీని ఫలితము అందరికీ తెలిసినదే: సర్టిఫికెట్టులో ఒక మతము, ఆదివారము మరొక మతము. దీనిని పిరికితనమని తీర్పు తీర్చడానికి మేము సిద్ధముగా లేము. ఒక పూట కూలి మీద పిల్లలను చదివించే తల్లిదండ్రులకు ఆ కాగితము అన్నము. కాని ఆ ఇంట్లో పెరిగిన బిడ్డ ఒకటి నేర్చుకుంటాడు: మతము అంటే అవసరమును బట్టి పలికే మాట. తరువాత వాడు ఏ మాటా పలకను అంటే ఆశ్చర్యమేమున్నది?

చట్టము నాస్తికునికి చాలాకాలము గడి ఇవ్వలేదు. 1955 హిందూ వివాహ చట్టము ముస్లిము, క్రైస్తవ, పార్సీ, యూదు కానివారిని సాధారణముగా తన క్రిందికే తీసుకుంటుంది. నమ్మకము లేదన్నా వ్యక్తి పుట్టిన మతపు చట్టములోనే ఉండిపోతాడు. 1954 ప్రత్యేక వివాహ చట్టము మతకర్మ లేని పెండ్లికి దారి ఇచ్చింది. 2011 జనాభా లెక్కలలో మతము చెప్పనివారు దేశమంతటా సుమారు 28.7 లక్షలు, నాస్తికులమని చెప్పి నమోదైనవారు 33 వేల చిల్లర మాత్రమే. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, బిడ్డ జనన నమోదులో మతము, కులము వ్రాయబోమన్న దంపతుల పక్షమున తీర్పు చెప్పింది. 25వ అధికరణము ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛలో ఏ మతమూ వద్దనే స్వేచ్ఛ కూడా ఉన్నదనీ, దరఖాస్తులో అటువంటి గడి ఉండాలనీ ఆ తీర్పు సారము. మనకు మతము మారే స్వేచ్ఛను ఇచ్చేదీ ఆ అధికరణమే. ఒక కొమ్మను నరికితే రెండవది నిలువదు.

మరల జహీరాబాదుకు

జేమ్స్ చెప్పిన ఏకాంతము జహీరాబాదులో దొరకదు. 1956 వరకు బీదరు జిల్లాలో ఉండి తరువాత మెదకులో కలిసిన, నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న పట్టణము. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగూ బజారులో వినబడతాయి. పేరు చెప్తే మతము, వాడ చెప్తే కులము తెలిసిపోతుంది. హిందువులకు శ్మశానము, లింగాయతులకు వారి రుద్రభూమి, ముస్లిములకు ఖబరస్తాను, మనకు సమాధుల తోట. నాస్తికునికి వాడ లేదు, మట్టి కూడా లేదు. అతని నమ్మకపు ఖర్చు అతడొక్కడే భరించడు. అతడు హైదరాబాదుకు వెళ్లిపోతాడు, ఆ వాడలో బ్రదకవలసినది తల్లి. గోరా వ్రాతలలో మాకు తక్కువగా కనబడినది ఈ సంగతి. మరొకటి కూడా ఉన్నది. విశ్వాసము మనిషిని దాసుని చేస్తుందన్న ఆయన మాట కలకత్తా వీధికి సరిపోవచ్చును. దొర వాకిట్లో చెప్పులు చేతపట్టుకొని నడిచిన తాత, బాప్తిస్మము పొందిన తరువాత బిడ్డను బడికి పంపి తల ఎత్తి నిలబడిన కథకు అది సరిపోదు. ఆ తాతకు దేవుడు మత్తు కాలేదు.

ఇక ఆ అయ్యగారు చేసినది. తల్లితో, "అమ్మా, వాడు అబద్ధం చెప్పలేదు, దానికి ఏడవకు" అన్నారు. కుమారునితో, "నువ్వు తాడు పట్టుకో. ప్రార్థన నేను చేస్తాను, ఆమెన్ సంఘం అంటుంది. నీ నోరు ఎవరూ చూడరు" అన్నారు. భూస్థాపన క్రమములో ఒక్క మాట కూడా తగ్గించలేదు. అతడు పెట్టె దించాడు, మొదటి పిడికెడు మట్టి వేశాడు, తల వంచుకొని నిలబడ్డాడు. ఆదరణ కూడికలో తండ్రిని గూర్చి రెండు మాటలు చెప్పమన్నారు. "మా నాయిన కూలి పైసలల్ల ముందుగాల కానుక తీసి పక్కకు పెడుతుండె. నాకది నచ్చకపోతుండె. కాని ఆయన అబద్ధం ఆడంగ నేనెన్నడు చూడలే" అని కూర్చున్నాడు.

కార్ల్ రానర్ చెప్పిన "అజ్ఞాత క్రైస్తవుడు" అన్న బిరుదు ఇతనికి ఇవ్వవచ్చునా అని కూటమిలో ఒక యువ కాపరి అడిగారు. వద్దన్నాము. తాను కాదంటున్నదానిని నీవు అదే అని చెప్పడము, కోరని నెత్తి మీద నీళ్లు పోయడము వంటిది. అతని ప్రశ్నకు మన ప్రేమ జవాబు కావచ్చును గాని, మన నిర్వచనము జవాబు కాదు. ఏ దేవుని కాదంటున్నావు అని అడగవచ్చును. జవాబు వినే ఓపిక ఉంటేనే అడగాలి. ఆ దేవుడు మన ప్రసంగములలో తయారైనవాడే అని తేలితే దానిని మోయగలగాలి.

సంఘ పెద్దలలో ఒకరు అతని పేరు సభ్యుల పట్టీ నుండి కొట్టివేయమని ఒత్తిడి చేస్తున్నారట. కొట్టివేస్తే రేపు తండ్రి ప్రక్కన అతనికి చోటు ఉండదు, ఆ సంఘపు నియమము అటువంటిది. అతడు కోరనంతవరకు మనకై మనము కొట్టివేయకూడదని, కోరిన దినమున గౌరవముతో తీసివేయాలని, సమాధి స్థలమును మాత్రము సభ్యత్వముతో ముడిపెట్టకుండ నియమము మార్చుకోవాలని మా అభిప్రాయము చెప్పాము. కూటమిలో అందరూ ఒప్పుకోలేదు. ఆ క్రిస్మస్‌కు అతడు తల్లిని వెంటబెట్టుకొని ఆరాధనకు వచ్చాడట. వెనుక బల్ల మీద కూర్చొని కీర్తనలు పాడాడు, విశ్వాస ప్రమాణము చెప్పే సమయములో మౌనముగా ఉన్నాడు. అయ్యగారు మాకు ఈ సంగతి చెప్పేనాటికి కమిటీ ఇంకా ఏదీ తేల్చలేదు.